నీరసం, మైగ్రేన్, పెరిగే బరువు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్ని కాను, డైటీషియన్ని అంతకన్నా కాను. పదిహేనేళ్లుగా మైగ్రేన్‌తో, ఐదేళ్లుగా క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్‌తో (విశ్రాంతితో పోని దీర్ఘకాలిక నిస్సత్తువ జబ్బు) హైదరాబాద్ తార్నాకలో కాపురం చేస్తున్న మనిషిని. జాతీయ పోషకాహార సంస్థ మా ఇంటికి కూతవేటు దూరం. దేశం మొత్తానికి ఏం తినాలో చెప్పే సంస్థ పక్కనే ఉంటూ రెండేళ్లలో పదకొండు కిలోలు పెరిగాను. అందులో ఏడు కిలోలు తగ్గడానికి ఏడాదిన్నర పట్టింది. పెళ్లిళ్లలో, ఆఫీసులో, ఆస్పత్రి వరండాల్లో జనం నన్ను అడిగినవీ, నేను డాక్టర్లను అడిగి తెలుసుకున్నవీ ఇక్కడ కలిపి రాస్తున్నాను. మందుల విషయంలో ఏ మార్పు చేసినా మీ డాక్టర్‌తో మాట్లాడాకే చేయండి.

రోజంతా పడుకుని ఉంటే బరువు పెరగక ఏమవుతుంది?

ఇది మా పెద్దత్తగారి ప్రశ్న. ఏ పెళ్లిలో కనబడినా అడుగుతారు. సగం నిజమే. కానీ మనిషి కదలకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం పనిచేస్తూనే ఉంటాయి. మామూలు మనిషి రోజంతా ఖర్చుపెట్టే శక్తిలో 60 నుంచి 70 శాతం వీటికే పోతుంది. నడక, వ్యాయామం వాటా మనం అనుకునేదానికంటే చిన్నది. కాబట్టి పడుకోవడం ఒక్కటే కారణమైతే అంత బరువు పెరగం.

నా విషయంలో వెనక్కి తిరిగి చూసుకుంటే నాలుగు కారణాలు కనిపించాయి. ఆకలి పెంచే మాత్ర ఒకటి వాడాను. రాత్రి నిద్ర చెడింది, నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి పెరుగుతుంది. వండే ఓపిక లేక బయట తిండికి అలవాటుపడ్డాను. ఇక నాలుగోది, నొప్పి రోజు పొద్దున్నుంచి ఏమీ తినక, రాత్రి తొమ్మిదింటికి తల తేలికపడగానే రెండు పూటల తిండి ఒకేసారి లాగించేదాన్ని. దీన్ని చాలా రోజులు నేనే గమనించలేదు.

మామూలు అలసటకీ క్రానిక్ ఫటీగ్‌కీ తేడా ఏమిటి?

మామూలు అలసట ఒక రాత్రి నిద్రతో పోతుంది. ఇది పోదు. ఆరు నెలలకు పైగా పాత పనులు చేసుకోలేనంత నిస్సత్తువ, ఎంత నిద్రపోయినా లేచేసరికి అదే బరువు, మాట మధ్యలో మరిచిపోవడం లేదా నిలబడితే కళ్లు తిరగడం, అన్నిటికన్నా ముఖ్యంగా శ్రమ తర్వాత కుప్పకూలిపోవడం. ఈ ఆఖరి లక్షణమే గుర్తు. దెబ్బ అప్పుడే తగలదు. తరచుగా 12 నుంచి 48 గంటల తర్వాత వస్తుంది. ఆదివారం సికింద్రాబాద్‌లో పెళ్లికి వెళ్లి నవ్వుతూ ఫొటోలు దిగుతాం, మంగళవారం పళ్లు తోముకోవడానికి కూడా చెయ్యి లేవదు. మంగళవారం మనల్ని చూసినవాళ్లు ఆదివారం ఫొటో చూపించి, 'మొన్న బాగానే ఉన్నావుగా' అంటారు.

ఇది మనసు కల్పించుకున్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1969 నుంచే దీన్ని నరాల జబ్బుల పద్దులో ఉంచింది.

బరువు తగ్గే పని మొదలుపెట్టే ముందు ఏ పరీక్షలు చేయించుకోవాలి?

నీరసం, బరువు, తలనొప్పి మూడూ కలిసి వచ్చే వేరే జబ్బులు ఉన్నాయి. అవి లేవని తేల్చుకోవాలి. థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, రక్తహీనతకి సీబీపీ, ఒంట్లో ఇనుము నిల్వకి ఫెరిటిన్, చక్కెరకి హెచ్‌బీఏ1సీ, విటమిన్ డి, బీ12, కాలేయం, కిడ్నీ పరీక్షలు. ఆడవాళ్లు నెలసరి తప్పుతుంటే పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ల సమస్య) సంగతి కూడా అడగాలి. గురక బాగా పెట్టి, పొద్దున తలనొప్పితో లేస్తుంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు) ఉందేమో చూపించుకోవాలి. అది బరువునీ నీరసాన్నీ తలనొప్పినీ మూడింటినీ పెంచగలదు, దానికి చికిత్స కూడా ఉంది.

డబ్బు ఇబ్బంది ఉంటే ముందు బస్తీ దవాఖానాకి వెళ్లండి. చాలా రక్త పరీక్షలకి నమూనా అక్కడే తీసుకుని తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబ్‌కి ఉచితంగా పంపిస్తారు. న్యూరాలజీ డాక్టర్ కావాలంటే నిమ్స్, గాంధీ, ఉస్మానియా ఆస్పత్రుల్లో ఓపీ ఉంటుంది. క్యూలో నిలబడే ఓపిక మనకు ఉండదు కాబట్టి చీటీ తీయడానికి ఇంట్లో ఒకరిని తోడు తీసుకెళ్లండి. నేను మడత స్టూలు పట్టుకెళ్తాను. మొదటిసారి సిగ్గేసింది. రెండోసారి పక్కనున్న పెద్దాయన 'అమ్మా, ఇది ఎక్కడ కొన్నావు?' అని అడిగారు.

మైగ్రేన్ మందుల వల్ల బరువు పెరుగుతుందా?

కొన్నిటివల్ల పెరుగుతుంది. బరువు పెరగడానికి మిగతా కారణాలు వెతికే ముందు మీ మందుల చీటీ ఒకసారి తీసి చూడండి.

నొప్పి వచ్చినప్పుడు వేసుకునే మాత్రలు వేరు, రాకుండా రోజూ వేసుకునేవి వేరు. బరువు సమస్య ఎక్కువగా రెండో రకంతోనే. మన దగ్గర బాగా రాసే ఫ్లునరిజిన్ ఆకలినీ మగతనీ పెంచుతుంది. కొందరిలో మనసు దిగులుగా మారుతుంది, పెద్ద వయసు వాళ్లలో చేతులు వణకడం కూడా చూస్తారు. అందుకే దాన్ని ఏళ్ల తరబడి కాకుండా కొన్ని నెలలు వాడి ఆపుతారు. పాత చీటీ మీదే మందుల షాపులో తెచ్చుకుంటూ రెండేళ్లు మింగినవాళ్లు నాకు తెలుసు. ఆ జాబితాలో నేనూ ఉన్నాను. వాల్‌ప్రోయేట్ కూడా బరువు పెంచుతుంది, పైగా గర్భం దాల్చే వయసు ఆడవాళ్లకి అది ప్రమాదకరం. అమిట్రిప్టిలిన్ నిద్ర పట్టిస్తుంది, నొప్పి తగ్గిస్తుంది, దాంతోపాటు తీపి మీద యావ పుట్టిస్తుంది. ప్రొప్రనొలాల్‌తో కొందరికి కొద్దిగా పెరుగుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకి అది పనికిరాదు. దానివల్ల నీరసం కూడా పెరగవచ్చు, మనకి అసలే ఉన్నది చాలదన్నట్టు.

కాండెసార్టాన్ వంటివి బరువు మీద పెద్దగా ప్రభావం చూపవు. మైగ్రేన్ రాకుండా ఇచ్చే సీజీఆర్‌పీ ఇంజెక్షన్లు కూడా అంతే, కానీ ఖరీదు ఎక్కువ.

ఇది చదివి రేపటినుంచి మాత్ర మానేయకండి. కొన్ని మందుల్ని ఒక్కసారిగా ఆపితే తలనొప్పి తిరగబెడుతుంది, ప్రొప్రనొలాల్ లాంటిదైతే గుండెకే ఇబ్బంది. డాక్టర్ దగ్గర ఈ ఒక్క మాట అనండి: 'ఈ మందు మొదలుపెట్టాక ఇన్ని నెలల్లో ఇన్ని కిలోలు పెరిగాను, బదులు ఇంకేమైనా ఉందా?' తేదీలూ కిలోలూ కాగితం మీద రాసి తీసుకెళ్తే మాట వింటారు. ఊరికే 'లావయ్యాను సార్' అంటే వాకింగ్ చేయమంటారు.

మైగ్రేన్ రాకుండా ఇచ్చే టోపిరమేట్ వేసుకుంటే సన్నబడతారట కదా?

ఆకలి తగ్గుతుంది, చాలామంది కొంత బరువు తగ్గుతారు, నిజమే. కానీ వేళ్లు తిమ్మిరెక్కడం, కిడ్నీలో రాళ్లు, నాలుక చివర ఉన్న మాట దొరక్కపోవడం కూడా దానితో వస్తాయి. క్రానిక్ ఫటీగ్‌లో మెదడుకి అసలే మబ్బు పట్టినట్టు ఉంటుంది, ఇది తోడైతే ఆఫీసు మీటింగులో 'ఎక్సెల్' అనే మాట కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. గర్భిణులకు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లకు వద్దు. సన్నబడటానికే అయితే అడగకండి.

బరువు తగ్గితే మైగ్రేన్ తగ్గుతుందా?

ఎక్కువ బరువు ఉన్నవాళ్లలో అప్పుడప్పుడూ వచ్చే మైగ్రేన్ రోజువారీ బెడదగా మారే అవకాశం ఎక్కువ. నెలకి 15 రోజులు, అంతకు పైగా తలనొప్పి మూడు నెలలకు మించి ఉండి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలు ఉంటే దాన్ని క్రానిక్ మైగ్రేన్ అంటారు. బరువు తగ్గితే నొప్పి రోజులు తగ్గడం చాలామందిలో కనిపిస్తుంది. ఏడు కిలోలు తగ్గాక నా నొప్పి రోజులు తగ్గాయి. ఆ మధ్యే మందు కూడా మారింది కాబట్టి పుణ్యం దేనిదో చెప్పలేను.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. బరువు త్వరగా పెరిగిన అమ్మాయిలకి తలనొప్పి ఉంటే అన్నీ మైగ్రేన్ అనుకోకూడదు. వంగినా పడుకున్నా నొప్పి ఎక్కువ కావడం, చెవిలో గుండె కొట్టుకున్నట్టు హోరు, లేవగానే కొన్ని క్షణాలు చూపు మసకబారడం ఉంటే తల లోపల పీడనం పెరిగి ఉండవచ్చు. కంటి డాక్టర్ కంటిపాపలో చుక్కలు వేసి, కంటి నరం వాచిందేమో చూస్తారు. మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆస్పత్రిలోనో, దగ్గర్లో ఉన్న ఏ కంటి ఆస్పత్రిలోనో వెంటనే చూపించుకోండి. ఆలస్యమైతే చూపు పోవచ్చు. ఈ జబ్బుకి బరువు తగ్గడమే ప్రధానమైన చికిత్సల్లో ఒకటి.

రోజూ వాకింగ్ చేయమంటున్నారు. చేయాలా?

దీనికి నేను కట్టిన మూల్యం చెబుతాను. ఒకాయన, పేరు అనవసరం, నా రిపోర్టులు చూసి 'అన్నీ నార్మల్, రోజూ పది వేల అడుగులు నడవండి, వారం వారం పెంచండి' అన్నారు. పొద్దున్నే ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో నడక మొదలుపెట్టాను. చెట్లు, చల్లగాలి, ఆర్ట్స్ కాలేజీ ముందు సెల్ఫీలు తీసుకునే పిల్లలు, చాలా బాగుండేది. ఆరో రోజు ఇంటికొచ్చి షూ లేసు విప్పుతూ అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. ఆ తర్వాత పందొమ్మిది రోజులు మంచం, అందులో నాలుగు మైగ్రేన్లు. ఆ పందొమ్మిది రోజుల్లో రెండు కిలోలు పెరిగాను. బరువు తగ్గడానికి నడిచి.

2021 అక్టోబరులో బ్రిటన్‌లో డాక్టర్లకి చికిత్స పద్ధతులు సూచించే నైస్ సంస్థ క్రానిక్ ఫటీగ్‌కి మార్గదర్శకాలు మార్చింది. ముందే నిర్ణయించిన లెక్క ప్రకారం వ్యాయామం పెంచుకుంటూ పోయే పద్ధతి వద్దని, ఉన్న శక్తిని చూసుకుని దాని లోపలే మసలుకోమని చెప్పింది. ఆ పద్ధతిని పేసింగ్ అంటారు. మా అమ్మ భాషలో చెప్పాలంటే, జీతం ఎంతో అంతలోనే ఖర్చు, అప్పు చేయొద్దు.

కాబట్టి మామూలు నీరసం ఉండి, నడిచిన మర్నాడు బాగానే ఉండేవాళ్లు నడవండి, మైగ్రేన్‌కి కూడా మంచిదే. నడిచిన ఒకటి రెండు రోజులకి కూలిపోయేవాళ్లు మాత్రం పది నిమిషాలతో కాదు, రెండు నిమిషాలతో మొదలుపెట్టాలి. మంచం మీద కాళ్లు చాపి మడమలు ఆడించడం, గోడకి చేతులు ఆనించి నెమ్మదిగా తోయడం, కుర్చీలోంచి మూడుసార్లు లేచి కూర్చోవడం. ఆ తర్వాత రెండు రోజులు ఆగి చూడాలి. దెబ్బ తగలకపోతే అదే కొనసాగించాలి, పెంచడానికి తొందర లేదు. మెట్రోలో లిఫ్ట్ ఎక్కండి. అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు ఆ జనంలో మెట్లెక్కి నిరూపించుకోవాల్సిందేమీ లేదు.

గుండె వేగం చూపే వాచీ ఉపయోగపడుతుందా?

ఉపయోగపడుతుంది, అడుగులు లెక్కపెట్టడానికి కాదు, ఆగడానికి. గిన్నెలు తోముతుంటే నా వాచీలో 118 చూసి ఆశ్చర్యపోయాను. అప్పటినుంచి స్టూలు మీద కూర్చుని తోముతున్నాను. ప్రొప్రనొలాల్ వాడేవాళ్లకి గుండె వేగం మందు వల్లే తగ్గి కనిపిస్తుంది, వాచీని నమ్ముకుని ఎక్కువ పని చేయకండి.

ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ చేయవచ్చా? మరి కార్తీక సోమవారాలు, రంజాన్ ఉపవాసాలు?

బరువు కోసం అయితే మైగ్రేన్ ఉన్నవాళ్లకి నేను వద్దనే అంటాను. పూట తప్పడం మైగ్రేన్‌ని రేపే కారణాల్లో మొదటి వరసలోనిది. పదహారు గంటలు కడుపు మాడ్చి మిగిల్చిన కేలరీలు, నొప్పి తగ్గాక తినే బిర్యానీలో వడ్డీతో సహా తిరిగొస్తాయి. నాకు సరిపడింది ఒకటే, మూడు భోజనాలు, మధ్యలో ఒక చిన్న తిండి, పగలు నాలుగు గంటలకు మించి ఖాళీ ఉండకుండా. రాత్రి భోజనం ఎనిమిది లోపు, పొద్దున టిఫిన్ ఎనిమిదికి. రాత్రి పన్నెండు గంటల విరామం నిద్రలోనే గడిచిపోతుంది.

భక్తి వేరే సంగతి. కార్తీక సోమవారం మా ఇంట్లో నేను పాలు, పండ్లు, నానబెట్టిన వేరుశనగలు వేళ తప్పకుండా తీసుకుంటాను. దేవుడికి అభ్యంతరం ఉన్నట్టు ఇంతవరకు కనబడలేదు. రంజాన్‌లో మొదటి కొన్ని రోజులు తలనొప్పి రావడం చాలామంది ఎరిగినదే. కారణం ఎక్కువగా చాయ్ ఒక్కసారిగా మానేయడం, నీళ్లు తగ్గడం, నిద్ర మారడం. ఉపవాసం ఉండాలనుకునేవాళ్లు పదిహేను రోజుల ముందునుంచి చాయ్ తగ్గించుకుంటూ రావాలి, తెల్లవారుజామున తినే సహరీ మానకూడదు, రోజువారీ మాత్రల వేళలు డాక్టర్‌తో మాట్లాడి మార్చుకోవాలి. జబ్బుచేసినవాళ్లకి మతంలోనే మినహాయింపు ఉందని మా పక్కింటి ఖాలా ఎప్పుడూ గుర్తుచేస్తుంటారు.

మరి ఏం తినాలి?

వింత ఆహారాలేమీ అక్కర్లేదు. మన వంటలోనే నేను మూడు మార్చాను.

మొదటిది టిఫిన్. నాలుగు ఇడ్లీలు, దానిమీద నెయ్యి, కారప్పొడి తినేదాన్ని. పదకొండింటికల్లా ఆకలి, పన్నెండింటికి కణత దగ్గర నరం లాగడం. ఇప్పుడు రెండు ఇడ్లీలు, గిన్నెడు చిక్కటి సాంబారు, ఒక ఉడికిన గుడ్డు. లేకపోతే పెసరట్టు. పొట్టుతో ఉన్న పెసలు రాత్రే నానేస్తాను, పొద్దున అల్లం, పచ్చిమిర్చి వేసి మా ఆయన రుబ్బుతారు. మిక్సీ చప్పుడు నాకు పడదు కాబట్టి ఆ నిమిషంన్నర నేను బాల్కనీలో ఉంటాను. పిండి మూడు రోజులకి సరిపోతుంది. పెనం దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, చెంచాడు నూనెతో రెండు అట్లు పోసుకుంటాను. మాంసకృత్తులు ఉన్న టిఫిన్ తింటే మధ్యాహ్నం దాకా ఆకలి, తల రెండూ నెమ్మదిగా ఉంటాయి.

రెండోది నూనె. నూనె ఏదైనా గ్రాముకి 9 కేలరీలే, ఆలివ్ అయినా వేరుశనగ అయినా. ఇంటికి నెలకి ఎన్ని లీటర్లు కొంటున్నామో చూసుకుంటే చాలు, వేరే లెక్కలు అక్కర్లేదు. ముగ్గురం ఉన్న మా ఇంట్లో నాలుగు లీటర్లు అయ్యేది, ఇప్పుడు రెండుకి వచ్చింది. వంకాయ వేపుడు నెలకోసారి పండగలా చేసుకుంటాం.

మూడోది కంచం. ముందు కూర, పప్పు పెట్టుకుని, మిగిలిన చోట అన్నం. పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లోనూ సారాంశం ఇదే, తిండిగింజలు తగ్గించి, కూరగాయలు, పప్పులు పెంచమని.

అన్నం మానేసి కొర్రలు తినాలా?

ఇష్టమైతే తినండి. పీచు ఎక్కువ కాబట్టి కడుపు నిండుతుంది. కానీ కొర్రన్నం కూడా పళ్లెం నిండా తింటే కేలరీలు అన్నానికి పెద్ద తేడా ఉండవు.

వండే ఓపిక లేని రోజు ఏం చేయాలి?

మన బరువు తేలేది ఆ రోజుల్లోనే. మంచి రోజుల్లో అందరం బాగానే తింటాం.

హైదరాబాద్‌లో మనకున్న వరం కర్రీ పాయింట్. ఇంట్లో కుక్కర్‌లో అన్నం ఒక్కటి పడేసి, వీధి చివరనుంచి కూర తెప్పించుకోవచ్చు. అక్కడ ఆకుకూర పప్పు, చారు, దొండకాయ కూర, ఉడికించిన గుడ్డు అడగండి. వేపుళ్లు, గ్రేవీల్లో నూనె పైన తేలుతుంటుంది, కవర్ విప్పాక గిన్నెలో పోసి రెండు నిమిషాలు ఆగి పైనూనె చెంచాతో తీసేయండి. ఫోన్ యాప్‌లో బిర్యానీ ఆర్డర్ పెట్టడం రెండు నొక్కుళ్ల పని, అందుకే నొప్పి రోజు చెయ్యి అటే పోతుంది. నేను యాప్‌లో పాత ఆర్డర్ల జాబితాలో పైన పెరుగన్నం, ఇడ్లీ ఉండేలా చూసుకుంటాను. మబ్బు పట్టిన బుర్ర పైన ఉన్నదే నొక్కుతుంది.

ఇంట్లో ఎప్పుడూ ఉండాల్సినవి: అటుకులు, పెరుగు, వేయించిన శనగలు, అరటిపళ్లు, గుడ్లు, మంచి రోజు వండి చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టిన పప్పు. డబ్బాల మీద తేదీ రాయండి, నాకు గుర్తుండదు, మీకూ ఉండదు.

నొప్పి వచ్చే ముందు తీపి తినాలనిపిస్తుంది. చాక్లెట్ వల్లే నొప్పి వస్తోందా?

వరస తిరగేసి చూడండి. మైగ్రేన్ మొదలయ్యేది నొప్పితో కాదు. కొన్ని గంటల ముందు, ఒక్కోసారి ముందురోజే, ఆవలింతలు, చిరాకు, మెడ పట్టేయడం, తీపి మీద యావ వస్తాయి. అంటే చాక్లెట్ తిన్నందుకు నొప్పి వచ్చిందని మనం అనుకునే చాలాసార్లు, నొప్పి బయల్దేరింది కాబట్టి చాక్లెట్ తిన్నాం. ఇది తెలిశాక నన్ను నేను తిట్టుకోవడం మానేశాను. ఆవలింతలు, తీపి యావ కలిసి వస్తే గ్లాసు నీళ్లు తాగి, గుప్పెడు వేయించిన శనగలో ఒక అరటిపండో తిని, లైటు తగ్గించి, మాత్ర చేతికి అందేలా పెట్టుకుంటాను. మైగ్రేన్‌లో కడుపు నెమ్మదిస్తుంది, ఆలస్యంగా వేసిన మాత్ర సరిగా ఒంటికి పట్టదు. అందుకే నొప్పి మొదలవగానే వేసుకోమంటారు.

అలాగని వారంలో నాలుగు రోజులు వేసుకోవద్దు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి నెలకి 15 రోజులు, ట్రిప్టాన్లు (మైగ్రేన్ నొప్పికే ఇచ్చే మందులు), రెండు మూడు మందులు కలిపిన మాత్రలు నెలకి 10 రోజులు, లేదా అంతకు మించి వేసుకుంటుంటే ఆ మాత్రలే తలనొప్పి తెప్పించవచ్చు.

చాయ్ మానేయాలా?

ఈ ఊళ్లో ఉండి చాయ్ మానేయమని చెప్పే ధైర్యం నాకు లేదు. కెఫీన్‌తో మైగ్రేన్‌కి విచిత్రమైన స్నేహం. కొద్దిగా తీసుకుంటే నొప్పి మాత్ర బాగా పనిచేస్తుంది, రోజూ ఎక్కువ తాగుతూ ఒకరోజు మానేస్తే నొప్పి తెప్పిస్తుంది. ఆదివారం ఆలస్యంగా లేచేవాళ్లకి వచ్చే తలనొప్పిలో దీని పాత్ర తరచుగా ఉంటుంది.

ఆఫీసులో నాకు రోజుకి ఐదు చాయ్‌లు అయ్యేవి, నీరసానికి మందులా. కప్పుకి రెండు చెంచాల చక్కెర అంటే పది గ్రాములు, 40 కేలరీలు. ఐదు కప్పులకి చక్కెరే 200 కేలరీలు, పాలు వేరు, ఇరానీ హోటల్ అయితే పక్కన ఉస్మానియా బిస్కెట్లు వేరు. పైగా కెఫీన్ సగం ఒంట్లోంచి పోవడానికే ఐదు గంటల దాకా పడుతుంది, సాయంత్రం ఆరింటి చాయ్ రాత్రి పదకొండింటికి కూడా లోపల సగం ఉంటుంది. వారానికి ఒక కప్పు చొప్పున తగ్గించాను. ఇప్పుడు పొద్దున ఏడుకి ఒకటి, మూడుకి ఒకటి, సెలవు రోజు కూడా అదే వేళకి. చక్కెర అర చెంచా.

ఎండాకాలంలో?

మే నెలలో నలభై దాటే ఎండ, ఒంట్లో నీళ్లు తగ్గడం, ఏసీ గదిలోంచి బయటికి రావడం, అన్నీ మైగ్రేన్‌కి అనుకూలమే. పల్చటి మజ్జిగలో ఉప్పు, నిమ్మకాయ, కరివేపాకు వేసి సీసాలో పట్టుకెళ్లండి. కూల్ డ్రింకు, చెరకురసం బరువు పెంచుతాయి. నిలబడితే కళ్లు తిరిగి గుండె దడదడలాడేవాళ్లు బరువు కోసమని ఉప్పు బాగా తగ్గించకండి, వాళ్లలో కొందరికి డాక్టర్లు ఉప్పు పెంచమని కూడా చెబుతారు. బీపీ, కిడ్నీ సమస్య ఉంటే మాత్రం సొంత నిర్ణయం వద్దు.

బరువు తగ్గించే ఇంజెక్షన్లు మనకి పనికొస్తాయా?

2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చాక ప్రతి ఫంక్షన్‌లో ఇదే మాట. వారానికో ఇంజెక్షన్, ఆకలి తగ్గుతుంది, బరువు బాగానే తగ్గుతుంది. కానీ అందరికీ తెలిసిన దుష్ప్రభావాలు వికారం, వాంతులు, మలబద్ధకం. మైగ్రేన్‌లో వికారం అసలే ఉంటుంది. తిండి, నీళ్లు తగ్గితే నొప్పి రేగుతుంది. కొవ్వుతోపాటు కండ కూడా కొంత కరుగుతుంది, కదలలేని మనకి కండ పోతే తిరిగి రావడం కష్టం. షుగర్, స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లకి లాభం ఎక్కువ ఉండవచ్చు. ఎండోక్రైనాలజిస్టుకి (హార్మోన్ల డాక్టర్) మైగ్రేన్ సంగతి, న్యూరాలజిస్టుకి ఇంజెక్షన్ సంగతి తప్పక చెప్పండి. జిమ్‌లోనో బ్యూటీ పార్లర్‌లోనో అమ్మేది తీసుకోకండి.

పీసీఓఎస్‌కి గర్భనిరోధక మాత్రలు రాశారు. ఫర్వాలేదా?

నొప్పికి ముందు కళ్లముందు మెరుపులు, వంకర గీతలు కనబడే మైగ్రేన్‌ని ఆరా ఉన్న మైగ్రేన్ అంటారు. అది ఉన్నవాళ్లకి ఈస్ట్రోజెన్ కలిసిన మాత్రలు వద్దంటారు, పక్షవాతం ప్రమాదం పెరుగుతుంది. గైనకాలజిస్టు అడగకపోయినా మీరే చెప్పండి.

ఎప్పుడు ఇంటి చిట్కాలు పక్కనపెట్టి ఆస్పత్రికి పరుగెత్తాలి?

క్షణాల్లో పిడుగులా వచ్చిన, జీవితంలో ఎన్నడూ ఎరగని నొప్పి. మాట తడబడటం, మూతి వంకరపోవడం, ఒక చెయ్యి, కాలు పట్టుతప్పడం. జ్వరంతో మెడ బిగుసుకోవడం. ఫిట్స్. యాభై దాటాక మొదటిసారి మొదలైన తలనొప్పి కూడా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. మైగ్రేన్ ఎప్పుడూ ఉండేదేగా అని సరిపెట్టుకోకండి. 108కి ఫోన్ చేయండి. ఇంకొకటి, ప్రయత్నించకుండానే బరువు తగ్గిపోతుంటే సంతోషపడకుండా డాక్టర్ని కలవండి.

ఎంత తగ్గాలి, ఎన్నాళ్లలో?

మన దేశస్థులకి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు చూసే లెక్క) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క. నడుము ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటకూడదు. ఆ అంకెల్ని చూసి బెంగపడక్కర్లేదు, ఉన్న బరువులో 5 శాతం తగ్గినా షుగర్, బీపీ, నిద్ర మెరుగవుతాయి. ఎనభై కిలోల మనిషికి అది నాలుగు కిలోలు. మనలాంటివాళ్లకి నెలకి అర కిలో నుంచి కిలో చాలు. కూలిపోయిన నెలలో తగ్గాలని చూడకండి, పెరగకుండా ఉంటే ఆ నెల గెలిచినట్టే.

నేను పదిహేను రోజులకోసారి, పొద్దున, ఖాళీ కడుపుతో తూకం చూసుకుంటాను. నెలసరి ముందు, ఉప్పగా తిన్న మర్నాడు నీరు పట్టి కిలో ఎక్కువ చూపిస్తుంది. గోడ క్యాలెండర్‌లోనే నొప్పి రోజుకి ఎర్ర చుక్క, కూలిన రోజుకి నల్ల చుక్క, తూకం పక్కన. యాప్‌లు నాకు కుదరలేదు, తలనొప్పిలో ఫోన్ తెర చూడలేను.

ఇంట్లోవాళ్లకి ఎలా చెప్పాలి?

మాటలతో నేను ఓడిపోయాను. చుక్కల క్యాలెండర్ గెలిచింది. బోనాల పండగకి వంట మొత్తం నేనే చేసిన ఆదివారం, ఆ తర్వాత మంగళవారం నుంచి వరసగా తొమ్మిది నల్ల చుక్కలు. మా అత్తగారు ఒకరోజు ఆ క్యాలెండర్ ముందు నిలబడి వేలితో లెక్కపెట్టారు. ఏమీ అనలేదు. మరుసటి ఏడాది బోనం కుండ కడుగుతూ, 'నువ్వు కూర్చుని పసుపు రాయమ్మా, పొయ్యి దగ్గర నేనుంటా' అన్నారు. పెద్దత్తగారు మాత్రం ఇప్పటికీ వాకింగ్ చేయమంటూనే ఉన్నారు.